చెరువును అడిగి చేపపిల్లలు వదలండి

ఈ వారం వికారాబాద్ నుంచి తాండూరు పోతూ దారిలో ఒక చేపల రైతు చెరువు గట్టు మీద ఆగాను. తెల్లారేసరికి చేపపిల్లలు చచ్చి తేలాయట. "నీళ్లు అద్దం లెక్క తేటగున్నయి సార్, పిల్లలెందుకు సస్తున్నయో సమజైతలేదు" అన్నాడు. గాజు గ్లాసుతో నీళ్లు ముంచి ఎండకు ఎత్తి చూశాం. ఒక్క నలుసు కదల్లేదు. గట్టుకు అవతల పత్తి చేను. నాలుగు రోజుల కింద మందు కొట్టారు. మర్నాడే వాన పడి చేని నీళ్లన్నీ చెరువులోకి దిగాయి.

ఆ తేట మంచి తేట కాదు. బతికున్న చెరువు నీళ్లు గ్లాసులో ఊరికే నిలబడవు. ఆవగింజ కంటే చిన్న మోయినాలు కుదుపు కుదుపుగా ఎగిరి పడుతుంటాయి. సైక్లాప్స్ ఒక్క ఉదుటున పక్కకు దూకుతుంది. రోటిఫర్లను చూడాలంటే మైక్రోస్కోపు కావాలి. వీటినే జంతుప్లవకాలు అంటాం. బొచ్చెకు పెద్దయ్యాక కూడా, మిగతా చేపలకు పిల్లలప్పుడు ఇవే తిండి.

నీటికి సాక్షులూ ఇవే. టెస్టు కిట్ ఆ నిమిషం సంగతే చెబుతుంది. మధ్యాహ్నం ఆక్సిజన్ నిండుగా చూపించిన చెరువులోనే తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకొస్తాయి. ప్లవకాలు గడిచిన రోజుల బాగోగులన్నీ చెబుతాయి. మోయినా, డాఫ్నియా లాంటి ప్లవకాలు ఉన్నట్టుండి మాయమైతే మొదట పురుగుమందునే అనుమానించాలి. ఒక రసాయనం నీటి జీవాలకు ఎంత చేటో తేల్చడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో 48 గంటల పరీక్ష చేసేది డాఫ్నియా మీదే. బ్రాకియోనస్ అనే రోటిఫర్ ఒక్కటే కిక్కిరిసిందంటే పేడ, కోళ్ల ఎరువు శ్రుతి మించిందని అర్థం. చెక్ శాస్త్రవేత్త స్లాడెచెక్ రోటిఫర్లతో నీటి నాణ్యత కొలిచే పద్ధతి రాసి పెట్టింది 1983లో. తాండూరు వైపు ఇంకో బెడద ఉంది. నాపరాయి పాలిషింగ్ యూనిట్ల తెల్లటి బురద కుంటల్లోకి చేరితే, నీటిని వడగట్టుకుని తినే ఈ జీవాలకు తిండే అందదు.

2016-17 నుంచి మన రాష్ట్రంలో చెరువులకు ఉచితంగా చేపపిల్లలు ఇస్తున్నారు. మంచి పనే, కాదనను. ఎండాకాలం ఎండిపోయే చెరువుకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్లుండే చెరువుకు 80-100 మిల్లీమీటర్ల పిల్ల అని కొలతలు పెట్టుకున్నాం. ఎన్ని పిల్లలు వదిలామో లెక్క రాస్తున్నాం. వదిలే ముందు నీళ్లు వడగట్టి చూసినవాళ్లు మాత్రం నేను నిలబడ్డ ఏ గట్టు మీదా కనబడలేదు. దానికి ఖర్చెంత? సన్నటి వలగుడ్డ, అడుగున చిన్న గాజుగొట్టం, చిటికెడు ఉప్పు. 50 లీటర్ల నీళ్లు వడగట్టి, ఉప్పేసి కాసేపు ఉంచితే ప్లవకాలు అడుగుకు దిగుతాయి. ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లు పేరుకుంటే పిల్లలకు తిండి ఉన్నట్టు. ఏమీ పేరుకోకపోతే ఆ రోజు పిల్లల్ని వదలకూడదు.

అసలు నా బాధ ఇంకొకటి. మైక్రోస్కోపులు మన దగ్గర లేవా? డిగ్రీ కాలేజీల జువాలజీ ల్యాబుల్లో తాళం వేసిన బీరువాల్లో ఉన్నాయి. రోటిఫర్ బొమ్మను రికార్డు పుస్తకంలో పెన్సిల్‌తో చక్కగా గీసి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, ప్రాణమున్న రోటిఫర్‌ను ఒక్కసారైనా చూడకుండా డిగ్రీ పట్టా పట్టుకుని కోచింగ్ సెంటర్లకు పోతున్నారు. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలు వికారాబాద్ పక్కనే ఉన్నాయి. కాగ్నా తాండూరును ఒరుసుకుని పారుతుంది. కోటిపల్లి ప్రాజెక్టు చేతికందే దూరంలో ఉంది. ఇన్ని నీళ్ల నడుమ కూర్చుని నీటి జీవాల పాఠం నల్లబల్ల మీద చెప్పడం పిల్లలకు చేస్తున్న అన్యాయం.

వికారాబాద్, తాండూరు జువాలజీ అధ్యాపకులకు ఒక్క మనవి. ఈసారి చేపపిల్లల లారీ ఊరికి రాకముందే మీ పిల్లల్ని వలగుడ్డతో ఆ చెరువుకు తీసుకుపోండి. వాళ్లు చూసింది మత్స్య సహకార సంఘానికి అచ్చ తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వండి. బీరువా తాళంచెవి మీ దగ్గరే ఉంది.