తేనెపిట్ట – ఛాయాగ్రాహకుడు

నిజాం కాలపు సుబేదారు పదవి పేరు మీదుగా హనుమకొండలో ఒక ప్రాంతం సుబేదారి అయినది. కాకతీయ విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల అక్కడిదే. అటువంటి ఆవరణలలోను, ఇళ్ళ పెరళ్ళలోను మందారం పూచినచోట తేనెపిట్ట కనబడటం సామాన్యం. దాని పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, బరువు 10 గ్రాములలోపు. తుమ్మెదకు పట్టంగట్టిన ప్రబంధకవులు ఈ పిట్టను అంతగా పట్టించుకొన్నట్లు కనబడదు. ఆ లోటును నేడు ఛాయాగ్రాహకులు తీరుస్తున్నారు. అయితే తీర్చే పద్ధతిలోనే చిక్కు ఉన్నది.

అమెరికా ఖండాలలోని హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలిచి తేనె త్రాగుతుంది. మన తేనెపిట్ట కూడ అప్పుడప్పుడు అట్లా నిలువగలదు గాని, సాధారణంగా కొమ్మనో కాడనో పట్టుకొని వంగి త్రాగుతుంది. ఆ వాలిన క్షణమే చిత్రకారునికి దక్కే అవకాశం. నీడలో నల్లగా తోచే మగపిట్ట ఎండ తగలగానే నీలలోహిత కాంతితో మెరుస్తుంది. ఈకల సూక్ష్మనిర్మాణం మీద వెలుగు పడే తీరునుబట్టి ఆ మెరుపు పుడుతుంది. కాబట్టి పిట్ట వెంట పరుగెత్తడం వ్యర్థం. అది ఏ పూగుత్తికి మళ్ళీ మళ్ళీ వస్తున్నదో కనిపెట్టి, ఉదయపు సూర్యుని వీపున ఉంచుకొని, కెమెరాను సెకనులో 1/1000 వంతు వేగానికి అమర్చి వేచి ఉండవలె.

ఈ ఓర్పు లేనివారికి గూడు సులువైన దారిగా తోస్తుంది. గడ్డిపోచలు, నారలు, బెరడు ముక్కలు సాలెగూటి దారాలతో కూర్చి ఆడపిట్ట వ్రేలాడే సంచివంటి గూడు అల్లుతుంది. ద్వారం మీద చిన్న చూరు కూడ ఉంటుంది. దూరానికి చెత్త వ్రేలాడుతున్నట్లు కనబడటమే దానికి రక్ష. చిత్రం స్పష్టంగా రావాలని కొందరు అడ్డువచ్చిన ఆకులను తుంచివేస్తారు. అప్పుడు కాకికి కూడ గూడు అంతే స్పష్టంగా కనబడుతుంది. పొదిగేది తల్లి ఒక్కతే. మనిషి దగ్గరగా నిలిచినంతసేపు అది గూటికి రావడానికి వెనుకాడుతుంది. గుడ్లకు వేడి తగ్గుతుంది.

గూటి చిత్రాలు లేకపోతే పక్షి జీవితం ఎట్లా తెలుస్తుందని కొందరు వాదిస్తారు. పరిశోధన అవసరం వేరు, దానికి కట్టుబాట్లున్నాయి. పదిమంది మెప్పుకోసం తీసే బొమ్మకు ఆ వాదం అక్కరకు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లను పాడుచేయడమే కాక, గుడ్లకు గాని గూళ్ళకు గాని భంగం కలిగించడం కూడ చేరి ఉన్నది. తుపాకి పట్టనివాడు తాను వేటగాడనని అనుకోడు. చట్టం ఆ భేదం పాటించలేదు.

సెల్‌ఫోన్ కెమెరాకు ఈ పిట్ట దూరమైతే దుర్భిణితో చూసి తృప్తిపడవచ్చు. మంచి కెమెరా ఉన్నవారికి మోదుగు ఉండనే ఉన్నది. శిశిరంలో ఆకు రాల్చి ఆ చెట్టు పూస్తుంది. తుంచవలసిన ఆకు ఉండదు, తేనెపిట్ట తనంత తానే అక్కడికి వస్తుంది.