పన్నుకు గడువు గలదు, చట్టమునకు జాడ లేదా?

చట్టము తెలియదని చెప్పి పౌరుడు తప్పించుకొనజాలడని న్యాయస్థానములు చెప్పుచున్నవి. మంచిదే. కాని యీ సూత్రమునకు రెండవ సగము కూడ కలదు: తెలిసికొనుట ప్రజలకు విధియైనచో తెలుపుట ప్రభుత్వమునకు విధి. మొదటి సగము నోటీసు రూపమున ఇంటింటికిని వచ్చుచున్నది. రెండవ సగము పాలకుల స్మృతినుండి జారిపోయినది. పన్ను కట్టవలసిన తేదీ ప్రతి వర్తకునకు తెలియును. ఏ చట్టమును బట్టి కట్టవలెనో, అది నేడే రూపమున నున్నదో చూపు ప్రామాణిక గ్రంథము మాత్రము అతని చేతి కందుట లేదు.

ఏటేట బడ్జెటుతో గూడ ఆర్థిక బిల్లు వచ్చును. అందు పన్ను చట్టము పూర్తిగా నుండదు. ఫలాన సెక్షనులో ఫలాన మాటలు తీసివేసి ఫలాన మాటలు చేర్చవలెనని మాత్రముండును. అతుకులు గెజెటులో, బట్ట వేరొకచోట! ఆ గెజెటైనను 2015 అక్టోబరునుండి కాగితముపై అచ్చగుట మాని వెబ్‌సైటున మాత్రమే వెలువడుచున్నది. అతుకులు కుట్టి బట్టను కట్టదగినదిగా జేయు పని చాలవరకు ప్రైవేటు ప్రచురణకర్తల పాలయినది. వారి పుస్తకమును ఏటేట క్రొత్తగా కొనవలసినదే.

దీనివలన నష్టమేమందురా? వస్తుసేవల పన్ను చట్టము 2017 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చెను. కొనుగోలుపై కట్టిన పన్నును మినహాయించుకొనుటకు అందలి 16వ సెక్షను, నాలుగవ ఉపసెక్షను గడువు విధించెను. మొదట ఆ గడువు మరుసటి ఆర్థిక సంవత్సరపు సెప్టెంబరు రిటర్ను తేదీతో ముగియుచుండెను. 2022 సవరణ దానిని నవంబరు 30వ తేదీకి మార్చెను. 2024లో ఐదవ ఉపసెక్షను చేరెను: 2017-18 మొదలు 2020-21 వరకు గల నాలుగేండ్లకును 2021 నవంబరు 30లోగా దాఖలైన రిటర్నులలోని మినహాయింపు చెల్లునని, అదియు చట్టము పుట్టిన దినమునుండియే వర్తించునని శాసించిరి. తాడితోటలోని బట్టల వర్తకుడు పాత పుస్తకము చూచినచో హక్కు పోయినదని తలచును. నేటి పాఠము చూచినచో హక్కు నిలిచియున్నది. అదివరకే కట్టివేసినవారికి ఆ సొమ్ము తిరిగి యీయబడదని కూడ ఆ 2024 చట్టమే చెప్పెను. జంకి ముందుగా కట్టినవాడు నష్టపోయెను! కేంద్ర చట్టమును సవరించిన చాలదు, రాష్ట్ర చట్టమును వేరుగ సవరింపవలెను. ఒక్క బిల్లుపై రెండు చట్టములు, రెంటికిని అతుకులు.

ఆదాయపు పన్ను సంగతియు నిట్టిదే. 1961 నాటి చట్టమునకు మారుగా 536 సెక్షనులతో 2025 నాటి చట్టము చేయబడెను; 2026 ఏప్రిల్ 1వ తేదీ దానికి ఆరంభదినము. వెనుకటి సంవత్సరముల తగవులకు పాత చట్టమే శరణ్యము. కావున నేటి పాఠమొక్కటియే చాలదు. ఏ యేటికి ఏ పాఠమో కూడ కావలెను.

మన రాష్ట్రమున జరిగినది ఇంకను విచారకరము. ఇంటిపన్నును అద్దె విలువనుండి మూలధన విలువకు మార్చుచు 2020లో పురపాలక చట్టములను సవరించిరి. మరుసటి ఏడు ఆగస్టులో, ప్రభుత్వ ఉత్తర్వులను అందరకు చూపుచుండిన వెబ్‌సైటున ఉత్తర్వులుంచుట మానిరి. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట, ఆగస్టులో మరల తెరచిరి. తెరచినందుకు సంతోషమే. కాని పౌరుని హక్కు తలుపు గడియవలె పాలకుని చేతిలో నుండుట యేమి న్యాయము?

ధర్మమేమో న్యాయస్థానము ఏనాడో తేల్చినది. జయపురపు నల్లమందు చట్టము క్రింద ఏబది రూపాయల జరిమానా పడిన హర్లా అనువాని అప్పీలులో, ప్రకటింపబడని చట్టము ప్రజలను బంధింపజాలదని 1951లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1987లో మన తెలుగువాడైన జస్టిస్ చిన్నపరెడ్డి, చట్టము క్రింద చేయు నియమములకును ఉత్తర్వులకును ప్రకటన ఆవశ్యకమని నొక్కి చెప్పెను. ప్రకటన యనగా ముక్కలు వెదజల్లుటయా?

"అంతయు ఇండియా కోడ్ మొదలైన వెబ్‌సైట్లలో నున్నది గదా" అని అధికారులందురు. ఉన్నది. కాని యీ పాఠము ప్రామాణికముగా గైకొనరాదని ప్రభుత్వ వెబ్‌సైట్లలో పలుచోట్ల అడుగున వ్రాసియుండును. తాను నమ్మని పాఠమును పౌరుడు నమ్మవలెనా? ధవళేశ్వరము ఆనకట్టవద్ద నీరు నిండుగా నున్నంత మాత్రమున శివారు చేలు తడియునా? "ఆడిటరు లేడా" అని మరికొందరందురు. ఆడిటరు సలహా చెప్పుటకే గాని చట్టమును దాచిపెట్టు కొట్టునకు తాళపుచెవి కాదు. ఇంగ్లండులో ప్రభుత్వ వెబ్‌సైటే అనేక చట్టములను ఏ తేదీన ఎట్లుండెనో అట్లు ఉచితముగా చూపుచున్నది. ఆ దేశపు చట్టపద్ధతిని తెచ్చుకొన్న మనము ఈ మర్యాదను తెచ్చుకొనలేమా?

మేము కోరునవి మూడు. సవరణ అమలునకు వచ్చు దినముననే పూర్తి పాఠము, తేదీతోను పూచీతోను, ఉచితముగా వెలువడవలెను. పాత పాఠములు చెరపక నిలుపవలెను. ఇవి తెలుగున రావలెను. రాష్ట్రపతి అధికారముతో గెజెటున ప్రకటించిన ప్రాంతీయ భాషానువాదము ప్రామాణికమేయని 1973 నాటి కేంద్ర చట్టము చెప్పుచునే యున్నది.

ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనమే చెల్లించుచున్నాము. ఆ సొమ్ముతో నడచు పఠనమందిరమున, పన్ను చట్టపు నేటి పాఠము బల్లపై నుండవలెనని అడుగుటకు సంకోచమేల? రాజమహేంద్రవరము మొదలు నరసాపురము వరకు ప్రతి గ్రంథాలయ పాఠకుడును ఈ వారమే ఒక అర్జీ వ్రాయుగాక. పన్ను చెల్లించువాడు చట్టమును అడుగుట బిచ్చము కాదు. రశీదు అడుగుట వంటిదే.