ఏడు రోజుల్లో ఎవరిని అడుగుతారు?

పోలింగుకు పదమూడు రోజుల ముందు చనిపోయిన మనిషి ఎన్నికల్లో గెలుస్తుందా? గెలిచింది. 2014 ఏప్రిల్ 23 రాత్రి ప్రచారం ముగించుకుని వస్తుంటే ఆళ్లగడ్డ దగ్గర శోభా నాగిరెడ్డి కారు ప్రమాదానికి గురైంది. మర్నాడు హైదరాబాద్ ఆస్పత్రిలో ఆమె కన్నుమూశారు. మే 7న పోలింగ్. ఓటింగ్ యంత్రం మీద ఆమె పేరు, ఫ్యాను గుర్తు అలాగే ఉన్నాయి. ఆమె లేరని తెలిసే జనం ఆ మీట నొక్కారు. సుమారు 18 వేల మెజారిటీ!

మా ఖానాపూర్‌లో బీడీలు చుట్టే అక్కలతో ఈ మాట అంటే, "గట్లెట్లయితది? పోయినామెకు ఓటేస్తే ఆ ఓటు మురిగిపోయినట్టే గదా!" అన్నారు. మురిగిపోదు. చనిపోయిన అభ్యర్థికే ఎక్కువ ఓట్లొస్తే గెలిచినట్టే ప్రకటిస్తారు. ఆ తర్వాత సీటు ఖాళీ అయిందని ఉప ఎన్నిక పెడతారు.

అసలు ఎన్నిక ఎందుకు ఆగలేదంటారా? 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుంది. పూర్వం ఏ అభ్యర్థి పోయినా, ఆఖరికి ఇండిపెండెంటు పోయినా, ఎన్నిక రద్దయ్యేది. 1996లో దాన్ని మార్చారు. ఇప్పుడు గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా. 2014 ఏప్రిల్ నాటికి వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఆ గుర్తింపు ఇంకా రాలేదు. అందుకే ఆగలేదు. చావులో కూడా హోదా చూస్తారా అని మనకు చివుక్కుమంటుంది గానీ, ఒక అనామక అభ్యర్థి ప్రాణం తీసి ఎన్నిక ఆపించవచ్చన్న భయం ఉన్నచోట ఆ మార్పు సబబే అనిపిస్తుంది.

నాకు అభ్యంతరం ఆ సెక్షన్‌లోని ఇంకో మాట మీద. పోలింగ్ వాయిదా వేశాక, వేరే అభ్యర్థిని నిలబెట్టమని ఎన్నికల సంఘం పార్టీకి కబురు పెడుతుంది. అందుకు గడువు ఏడు రోజులు.

ఏడు రోజులంటే మన ఇళ్లల్లో ఏమిటో ఆలోచించండి. మూడోనాడు పిట్టకు పెట్టడం అయి ఉంటుంది. దినాలు ఇంకా కాలేదు. ఇల్లంతా బంధువులు. చాలా ఇళ్లల్లో పదో రోజో పదకొండో రోజో ఆమె గాజులు, బొట్టు తీయించే తంతు ఒకటి కాచుకుని ఉంటుంది. అప్పటిదాకా గడప దాటకూడదంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పార్టీ వాళ్లు బి ఫారం పట్టుకుని వస్తారు. "వదినా, అన్న ఆశయం నువ్వే నిలబెట్టాలె" అంటారు. శుభకార్యానికి ఎదురు రావద్దనే మనుషులే ఆమెను ప్రచారం జీపెక్కిస్తారు. మైకు ముందు ఏడిస్తే నాటకమంటారు, ఏడవకపోతే మొగుడు పోయిన బాధే లేదంటారు. సంతకం పెట్టేముందు ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లి "నీకు ఇష్టమేనా?" అని అడిగినవాళ్లు ఎందరు?

కొడుకు చేతికందివస్తే ఆమెకు ఈ బాధ ఉండదు లెండి. రాజస్థాన్‌లోని కరణ్‌పూర్‌లో 2023 నవంబరులో కాంగ్రెస్ అభ్యర్థి చనిపోతే ఎన్నిక 2024 జనవరి 5కి వాయిదా పడింది. కొడుక్కి టికెట్ ఇచ్చారు, గెలిచాడు.

ఎన్నికైన ఎమ్మెల్యే పోతే ఉప ఎన్నికకు ఆరు నెలల దాకా సమయం ఉంటుంది. అయినా వెతుకులాట ఆ ఇంటి గడపలోనే. 2020లో దుబ్బాకలో సోలిపేట రామలింగారెడ్డి భార్య సుజాతను నిలబెట్టారు, 1,079 ఓట్లతో ఓడిపోయారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో తండ్రి సాయన్న తర్వాత గెలిచిన లాస్య నందిత 2024 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో పోతే, తోబుట్టువు నివేదితను దించారు. ఆమే ఓడారు. 2025లో జూబ్లీహిల్స్‌లో మాగంటి గోపీనాథ్ భార్య సునీతదీ అదే దారి. సానుభూతి ఉంటే చాలు అనుకునే పార్టీలకు జనం జవాబు చెబుతూనే ఉన్నారు. ఓడిన నింద మాత్రం ఆమె మీద పడుతుంది!

"ఎట్లయితేనేం, ఒక ఆడమనిషికి సీటొచ్చింది గదా" అని మీరనవచ్చు. కాదనను. శోభా నాగిరెడ్డి ఖాళీ చేసిన స్థానంలో 2014లోనే కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. తర్వాత మంత్రి అయ్యారు, 2019లో ఓడారు, 2024లో మళ్లీ గెలిచారు. ఆ రెండో గెలుపు ఆమె సొంతం. అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. 2000 అక్టోబరులో మిస్సోరీ గవర్నరు మెల్ కార్నహన్ ప్రచారంలో ఉండగా విమాన ప్రమాదంలో పోయారు. మూడు వారాల తర్వాత సెనేటుకు ఆయనే గెలిచారు! ఆయన గెలిస్తే భార్య జీన్‌ను నియమిస్తామని పోలింగ్‌కు ముందే చెప్పారు, ఆమె ఒప్పుకున్నారు. ఓటర్లకు విషయం తెలుసు, ఆమెకూ తెలుసు.

శోభమ్మ సంగతి వేరు. 1997 ఉప ఎన్నిక నుంచి ఆళ్లగడ్డ ఎరిగిన మనిషి ఆమె. ఆ ఓట్లు ఆమెవే. అలాంటి గుర్తింపు భర్త బతికున్నన్నాళ్లూ వంటింట్లో టీ కలిపిన ఆమెకు ఏడు రోజుల్లో ఎక్కడినుంచి వస్తుంది? అతనున్నప్పుడు వార్డు మెంబరుకు కూడా ఆమె పేరు అనుకోలేదే!

మా ఖానాపూర్‌నే చూడండి. గిరిజనులకు రిజర్వయిన సీటు. 2009లో సుమన్ రాథోడ్, 2014లో, 2018లో రేఖా నాయక్... వరసగా మూడుసార్లు ఆడవాళ్లే గెలిచారు. సుమన్ గెలిచిన ఏడాదే ఆమె భర్త రమేశ్ రాథోడ్ ఆదిలాబాద్ ఎంపీ అయ్యారు. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి నిలబడ్డారు, ఇద్దరూ గెలిచారు. ఆమెకు టికెట్ రావడానికి ఆ ఇంట్లో ఎవరూ చనిపోవాల్సిన పని లేకపోయింది.