సగటు లెక్కకు అందని బ్రతుకు

రెండు దేశాల జీవన ప్రమాణాలను పోల్చి వ్రాయుమంటే విద్యార్థి సాధారణంగా తలసరి ఆదాయాల పట్టికను తెరుస్తాడు. ఆ పట్టికలో కువైటు ఎగువ వరుసలలోను, భారతదేశం చాలా దిగువను కనిపిస్తాయి. రెండింటి నడుమ అంతరం పది రెట్లకు పైమాటే. లెక్కలో తప్పు లేదు. అయితే రాయచోటి, రాజంపేట ప్రాంతాల తరగతి గదులలో ఈ ప్రశ్న పట్టికతో ముగిసేది కాదు. అక్కడి పిల్లలలో ఎందరికో తండ్రి కువైటులో ఉన్నాడు. కొందరికి తల్లి ఉన్నది. ఆ కుటుంబాన్ని ఏ దేశపు వరుసలో చేర్చాలి?

ప్రకృతిని బట్టి చూస్తే కువైటు రాయలసీమకన్న బీదది. అక్కడ నది అన్నది లేదు. కడప సీమలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురిస్తే అక్కడ కురిసేది అందులో ఆరవ వంతు. ఒకప్పుడు ఆ పట్టణవాసులు త్రాగునీటిని షత్ అల్ అరబ్ నది నుండి పడవలపై తెచ్చుకొనేవారు. 1938లో చమురు బయటపడినది. 1946లో ఎగుమతి మొదలైనది. 1953 నాటికి సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కర్మాగారం పనిచేయసాగినది. 1961 వరకు ఆ దేశంలో చెల్లిన నాణెం రూపాయే అన్న సంగతి నేటి పిల్లలకు వింతగా తోచవచ్చు. చమురు సొమ్ములో గణనీయమైన భాగాన్ని ఆ రాజ్యం తన పౌరుల విద్యకు, వైద్యానికి, గృహాలకు వెచ్చించినది. ఆ మేరకు అది మెచ్చదగిన పని. జీవన ప్రమాణం నేల స్వభావం చేత మాత్రమే నిర్ణయమయ్యేది కాదనీ, ఉన్న వనరును ఎవరి కోసం ఎట్లా వెచ్చించారన్నదే ముఖ్యమనీ కువైటు చరిత్ర చెబుతున్నది.

ఎవరి కోసం అన్న మాట దగ్గరనే చిక్కు ఉన్నది. కువైటు జనాభా అరకోటికి చేరువలో ఉన్నది. అందులో పౌరులు మూడవ వంతుకు కొంచెం అటూ ఇటూ. తక్కినవారు పనికై వచ్చిన పరదేశులు. వారిలో భారతీయులే సుమారు పది లక్షలు. సగటు కట్టేటప్పుడు వీరందరినీ లెక్కలోనికి తీసుకొంటారు. సౌకర్యాలు పంచేటప్పుడు తీసుకోరు. పనివాని నివాసపు అనుమతి కఫీలు చేతిలో ఉంటుంది. భార్యాబిడ్డలను పిలిపించుకొనే వీలు నిర్ణీత మొత్తానికి మించిన జీతం ఉన్నవారికే. ఇండ్లలో పనిచేసే స్త్రీలకు వారానికి ఒక దినం సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని అన్న నియమాలు చట్టంలోనికి ఎక్కినది 2015లోనే. 2024 జూన్ 12వ తేదీన మంగాఫ్‌లో కార్మికుల వసతి గృహం తగులబడి దాదాపు ఏబదిమంది మరణించారు. వారిలో అత్యధికులు భారతీయులు. ఆ దేశపు సగటులో వారి పేరా ఒక వాటా ఉన్నది. వారు నిద్రించిన గదులలో ఆ వాటా కనబడలేదు.

అందుచేత వలస పోవడం అవివేకమని తీర్పు చెప్పడం తగదు. కర్నూలు పడమటి ప్రాంతాలైన కోసిగి, ఆదోని వైపు గ్రామాలను చూచినవారు ఆ మాట అనలేరు. అక్కడ పంట చేతికి రాని ఏడు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతాయి. బడి పిల్లలు కూడా వెంట పోతారు. తిరిగి వచ్చేసరికి పాఠాలు ముందుకు సాగిపోయి ఉంటాయి. దానితో పోలిస్తే కువైటు సొమ్ము అప్పు తీర్చినది, ఇల్లు నిలిపినది, బిడ్డలను కళాశాలకు పంపినది. ఇది సామాన్యమైన ఫలం కాదు. అయితే అది ఎంత నిలకడ లేనిదో 1990 ఆగస్టులో ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు తెలిసినది. లక్షా డెబ్బైవేలకు పైగా భారతీయులను విమానాలపై స్వదేశానికి చేర్చవలసి వచ్చినది.

పోల్చే పద్ధతిని దాదాభాయి నౌరోజీ ఏనాడో చూపించారు. 1867–68 సంవత్సరానికి భారతీయుని తలసరి ఆదాయాన్ని ఇరువది రూపాయలుగా లెక్కకట్టి, దానిని ఇంగ్లండు ఆదాయంతో పోల్చి ఆయన ఊరకుండలేదు. చెరసాలలో ఖైదీ తిండికీ బట్టకూ ఎంత అవుతుందో చూచి, స్వేచ్ఛగా తిరిగే మనిషికి ఆపాటి కూడా దక్కడం లేదని నిరూపించారు. అంకెను అంకెతో కాక, అంకెను మనిషి అవసరంతో పోల్చడం ఆయన పద్ధతి. ఆ కొలతతో చూస్తే కువైటుకు పోయిన రాయలసీమవాసి సంపాదించేది ఒక దేశంలో, జీవించేది మరొక దేశంలో. అతని బిడ్డ చదివే బడి, తల్లికి జబ్బు చేస్తే చేరే ఆసుపత్రి, ఇంటివారు త్రాగే నీరు అన్నీ ఇక్కడివే. దీనారాలు కట్టించిన మేడ ఎంత చక్కనిదైనా, ఊరి చెరువు పూడిపోయి ఉంటే ఆ మేడలోని కుండకూ నీటికి కరువే. ఇంటి సౌఖ్యాన్ని ఒక మనిషి చెమట కొనగలదు. ఊరి సౌఖ్యాన్ని ఊరు, ప్రభుత్వం కలిసి నిర్మించుకోవలసినదే.

ఈ సీమకు అది క్రొత్త విద్య కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు త్రవ్వించాడు. దినమూ వేయిమంది కూలీలు, రాళ్లు మోయుటకు నూరు బండ్లు పనిచేయగా రెండేండ్లలో అది పూర్తి అయినదని 1369 నాటి సంస్కృత శాసనం తెలుపుతున్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను కూడా ఆ శిల చెబుతున్నది. ఆ దోషాలలో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం. అట్టి చెరువును తనదని తలచి కాపాడేవారు ఉండరు.

కువైటు కుటుంబాల బ్రతుకు నేడు అట్టి సరిహద్దు చెరువు వంటిది. శ్రమ తీసుకొన్న దేశం వారిని తన పౌరులుగా ఎంచదు. సొమ్ము అందుకొన్న దేశం, డబ్బు వస్తున్నది గదా అని వారి ఊరిని మరచిపోతుంది. ఏ దేశం గొప్పదని విద్యార్థులను అడిగే ఉపాధ్యాయుడు ఇకమీదట మరొక ప్రశ్నను కూడా జతపరచడం మేలు: ఆ కుటుంబంలోని అందరూ ఒకే కప్పు క్రింద నివసిస్తూ కడుపునిండా తినడానికి ఈ ఊరికి ఏమేమి కావాలి? దానికి వ్రాసే సమాధానమే ఈ సీమకు అసలైన జీవన ప్రమాణం అవుతుంది.