తీగలు భూమిల పాతుడు తర్వాత, ముందుగాల గుంజి కట్టుండ్రి



శివరాత్రి పోయింది, ఎండలు ముదురుతున్నయి. నాకు గుబులు మొదలైంది. రెండేండ్ల కింద యాసంగి కోతలైనంక ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. మా పొలం మీదికెళ్లి పోయే తీగలు ఒకదానికొకటి తాకి, నిప్పురవ్వలు ఎండిన వరికొయ్యల్లో పడ్డయి. మోటరు వేద్దామంటే కరెంటే పోయింది. బిందెలు పట్టుకొని ఉరికేలోపు రెండు గడ్డివాములు బూడిదైనయి. బర్రెలకు ఏడాది మేత అది.

మా పిల్లగాడు అడిగిండు, "బాపూ, అమెరికాలో తీగలు భూమిలో పాతుతున్నరట, మనకెందుకు పాతరు?"

నిజమే. 2018 నవంబరులో కాలిఫోర్నియాలో కరెంటు లైను నుంచి లేచిన మంట పారడైజ్ అనే ఊరిని కాల్చేసింది. 85 మంది చనిపోయిండ్రు. ఆ లైను నడిపే పీజీ అండ్ ఈ కంపెనీ 2021లో 10,000 మైళ్ల లైన్లు భూమిలో వేస్తామని ప్రకటించింది. మన దిక్కు విశాఖలో కూడా 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత కొన్ని లైన్లు భూమిలోకి పోయినయి.

కానీ మన పొలాల్లో అది అయ్యే పని కాదంటాను. బోరు బోరుకూ లైను. కొంచెం తవ్వితే బండ. అంత ఖర్చు పెట్టి వేసినా, రేపు పైపులైనుకు జేసీబీ పెడితే కేబుల్ తెగుతది. పైన తీగ తెగితే కంటికి కనబడ్తది, భూమిలో ఎక్కడ పోయిందో వెతుక్కోవాలె.

పారడైజ్ మంటకు మూలం ఏందో తెలుసా? దాదాపు వందేండ్ల నాటి ఒక ఇనుప కొక్కెం. అరిగి అరిగి విరిగింది. అంటే తీగ పైన ఉండుడు ఒక్కటే కాదు, పట్టించుకోకపోవుడు అసలు తప్పు.

మన దగ్గరా అంతే. ఎండకు తీగ సాగుతది. స్తంభాల నడుమ దూరం ఎక్కువుంటే ఇంకా వేలాడుతది, గాలికి ఊగి తాకుతది. మధ్యలో ఒక పోలు పాతి, తీగలు గుంజి కట్టి, స్పేసర్లు పెడితే చాలావరకు ఆగుతది. కోతలు మొదలుకాక ముందే ఈ పని కావాలె. భూమిలో పాతే పైసలే ఉంటే ముందు అమ్రాబాద్ అడవికి పెట్టుండ్రి. అక్కడ ఎండిన గడ్డి, పులులు, చెంచు పెంటలు ఉన్నయి.

మన తప్పూ ఉంది. లైను కింద వాము పెట్టకుండ్రి, కొయ్యలు కాల్చకుండ్రి.

లూజు లైను కనబడితే ఫోటో తీసి, 1912కు ఫోన్ చేసి, కంప్లైంట్ నంబరు రాసి పెట్టుకోండి. నేను రెండుసార్లు నోటిమాటగా చెప్పిన. వాములు కాలినంక అడుగుదామంటే, చెప్పినట్టు నా చేతిల ఒక్క కాగితం లేకుండె.