కళాశాల పాలనమున తల్లిదండ్రుల స్థానము

బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి వీణను రూపొందించు శిల్పి, మైనముపై 24 మెట్లను కూర్చునపుడు, ఒక్కొక్క స్వరమును చెవియొగ్గి విని, అపశ్రుతి తోచిన మెట్టును మరల సవరించి కాని ముందునకు సాగడు. కళాశాలలను పాలించు సమితులకును ప్రభుత్వమునకును ఈ వినికిడి అలవడలేదని నా ఆవేదన.

2021లో ఎయిడెడ్ కళాశాలలను ఎయిడు విడువుడని, లేదా ప్రభుత్వమునకు అప్పగింపుడని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోరినపుడు, ఫీజులు పెరుగునేమో, చదువు నడుమనే ఆగునేమో యని విద్యార్థులును తల్లిదండ్రులును వీధులకెక్కిరి. అనంతపురమున లాఠీలు లేచినవి. పిమ్మట ప్రభుత్వము నిర్బంధము లేదనెను. ముందుగా తల్లిదండ్రులను అడిగియుండిన ఆ పిల్లల నెత్తురు చిందెడిదా?

ఒకనాడు నేనొక కళాశాల వసారాలో నిలిచియుండగా, తువ్వాలు భుజమున వేసికొన్న రైతొకడు ఫీజు ప్రకటనను తేరిపార చూచి, అది ఆంగ్లమగుటచే, “ఇందల ఏటి రాసినారు బాబూ?” అని నన్నడిగెను. ఆ ప్రశ్న నన్నింకను విడువలేదు.

పాఠముల విషయమునను అడుగవలసినది కలదు. డిగ్రీలో పదినెలల ఇంటర్న్‌షిప్ వచ్చినది, నాలుగేండ్ల ఆనర్సు వచ్చినది, మంచిదే. కాని బొబ్బిలి విద్యార్థి ఆ నెలలను ఎచట గడపవలెను? గొల్లపల్లి వీణల లెక్కలు, అమ్మకము, చరిత్ర అతనికి పాఠములు కారాదా? ఇట్టి నిర్ణయము చేయు సమితిలో ఒక వీణశిల్పికి, ఒక రైతుతండ్రికి ఆసనము వేయవలెను. తీర్మానములను తెలుగున వ్రాసి గేటునొద్ద అంటింపవలెను.