సేఫ్ అంటే సరిపోదు, మమ్మల్ని అడిగారా?



"ఫుకుషిమా నీళ్లు సేఫ్ అని సైంటిస్టులే చెప్పారు, ఇంకా గొడవేంది?" అంటున్నారు కొందరు. గొడవ ఉంది.

2011 మార్చి 11 సునామీతో జపాన్‌లోని ఆ అణు కేంద్రంలో మూడు రియాక్టర్ల ఇంధనం కరిగింది. చల్లార్చడానికి పోసిన నీళ్లకు ఊట నీళ్లు, వాన నీళ్లు కలిసి అన్నీ కలుషితమయ్యాయి. వాటిని శుద్ధి చేసి వెయ్యికి పైగా ట్యాంకుల్లో నింపారు. ట్రిటియం మాత్రం ఆ శుద్ధికి లొంగదు.

సంబంధించిన వాళ్లను ఒప్పించకుండా ఆ నీళ్లను ఏమీ చేయబోమని 2015లో ప్రభుత్వం, టెప్కో కంపెనీ ఫుకుషిమా మత్స్యకారులకు మాటిచ్చాయి. మిగిలింది ట్రిటియమే అని చెప్పుకుంటూ వచ్చిన కంపెనీ, చాలా ట్యాంకుల్లో వేరే పదార్థాలు కూడా హద్దు దాటి ఉన్నాయని 2018లో ఒప్పుకుంది. ఇంక నమ్మేదెట్లా?

మళ్లీ శుద్ధి చేసి, బాగా పలచన చేసి వదులుతున్నారు, నిజమే. ప్రభావం నామమాత్రమని 2023 జూలైలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. ఆ లెక్కతో మాకు పేచీ లేదు. కానీ మత్స్యకారులు వద్దంటుండగానే ఆగస్టు 24న సముద్రంలోకి వదలడం మొదలుపెట్టారు. నష్టపరిహారం నిధి పెట్టారు సరే, డబ్బిస్తే ఒప్పుకున్నట్టేనా?

2019లో నల్లమలలో యురేనియం వద్దని చెంచులు, జనం లేస్తేనే తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. రేపు మన ఊరికి ఎవరొచ్చి "సేఫ్" అన్నా, ముందు గ్రామసభలో కూర్చోమందాం. వద్దంటే ఆగుతారా అని అడుగుదాం.

జై ఆదివాసీ!